మంచి చేతికి ప్లాస్టరు

బేకరీ వెనక బాత్రూంలో అద్దం ముందు నిలబడి, ఎడమచేతి మీద ఇంత దూది పెట్టి, దాని మీద ప్లాస్టరు అతికించుకుంటోంది కేకు. ఆ చేతికి దెబ్బ లేదు, సూదిపోటు లేదు, చిన్న గీత కూడా లేదు. నిక్షేపంలాంటి చెయ్యి. దానికి కట్టు కట్టడానికి ఆమె పడే తంటాలు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మొహంలోకి చూస్తే మాత్రం రాదు.

కేకు ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. బేకరీలో కేకుల మీద క్రీముతో పువ్వులూ పేర్లూ వేసే పని ఆమెది. ఆస్పత్రిలో మందు ఎక్కించే గదిలో పక్క కుర్చీవాడు ఆ పేరు పెట్టాడు. వాడు సెలూన్లో జుట్టు కత్తిరిస్తాడు కాబట్టి ఆమె వాణ్ణి కత్తెర అంది. చెల్లుకు చెల్లు.

బయటికి రాగానే ఓవెన్ దగ్గరున్న మాస్టరు చూడనే చూశాడు.

"చేతికేమైందమ్మా?"

"ట్రే తగిలింది మాస్టారూ."

"కాస్త చూసుకోవద్దూ. ఇప్పుడిప్పుడే కోలుకున్నావు. ఇంటికెళ్ళి పడుకో."

అలాగే అని తలూపి బస్సెక్కింది. అయితే ఆ బస్సు ఇంటికెళ్ళేది కాదు, ఆస్పత్రికి. ఈ మధ్య ఆమె ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి దాని చుట్టూ రోజుకో కొత్త అబద్ధాన్ని ఊతంగా పెడుతోంది. మనిషి మాత్రం అబద్ధాలకి పనికొచ్చే రకం కాదు. చిన్నప్పుడు పక్కింటి కిటికీ గాజు పగలగొట్టి, ఎవరూ అడక్కముందే వెళ్ళి ఒప్పుకున్న పిల్ల.

కేకుకి పెద్దపేగులో కేన్సరు, కత్తెరకి పొట్టలో. ఇద్దరికీ ముప్పై నిండలేదు. ఇద్దరికీ మొదట్లో అందరూ చెప్పింది ఒకటే మాట, గ్యాస్ అయ్యుంటుంది, బయటి తిండి మానెయ్యి అని. ఈ వయసులో ఆ జబ్బేంటని డాక్టర్లే కొట్టిపారేశారు. మొదటిరోజు మందు ఎక్కించే గదిలోకొచ్చి చెరో కుర్చీలో కూర్చుంటే, ఆ గది చూసుకునే పెద్ద సిస్టర్ గయ్యిమంది.

"మీతో వచ్చిన పెద్దవాళ్ళెక్కడ? ఇది పేషెంట్ల కుర్చీ, లేవండి. తోడొచ్చినవాళ్ళకి స్టూళ్ళున్నాయి."

"మేమే పేషెంట్లం సిస్టర్" అన్నాడు కత్తెర. "పెద్దవాళ్ళు ఆరోగ్యంగా ఇంట్లో ఉన్నారు."

కేకు ఫక్కున నవ్వింది. ఆ గదిలో నవ్వినందుకు చుట్టూ ఉన్న తాతలూ మామ్మలూ తిరిగి చూశారు. స్నేహం అక్కడ మొదలైంది.

మూడు వారాలకోసారి ఇద్దరికీ ఒకే రోజు, ఒకే మందు. ఆ మందుకో చెడ్డగుణం ఉంది. ఎక్కించుకున్నాక చల్లనిది ఏది ముట్టుకున్నా వేళ్ళల్లో కరెంటు కొట్టినట్టుంటుంది, చల్లటి నీళ్ళు మింగితే గొంతు పట్టేస్తుంది. క్రీముతో బతికే ఆమె ఫ్రిజ్ తలుపు తీయడానికి చేతికి గుడ్డ చుట్టుకునేది. వాడు పొద్దున్నే కత్తెర పట్టుకోవడానికి దాన్ని వేడినీళ్ళల్లో ముంచేవాడు. ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేనివన్నీ ఆ రెండు కుర్చీల మధ్య చెప్పుకునేవారు. ఏ బస్టాండులో బాత్రూం శుభ్రంగా ఉంటుందో, బస్సు మధ్యలో కడుపు కదిలితే ఏం చెయ్యాలో, పెళ్ళిచూపుల మాటెత్తిన చుట్టాలకి ఏం సమాధానం చెప్పాలో. "మా ఇంట్లో నన్ను చూసి ఏడవటానికి వంతులు వేసుకుంటున్నారు, నువ్వైనా తిట్టవే" అనేవాడు. ఆమె మనసారా తిట్టేది.

ఇద్దరికీ ఒకే వారం స్కాన్ తీశారు. కేకు రిపోర్టు చూసి డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏమీ కనబడటం లేదమ్మా. మందు ఆపేద్దాం. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకో, అంతే" అన్నాడు. మెట్లు దిగుతుంటే ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. ఈ మాట ముందు ఎవరికి చెప్పాలి అనుకుంటే అమ్మ కూడా గుర్తురాలేదు, కత్తెరే గుర్తొచ్చాడు. వాడు కింద నీళ్ళ కుళాయి పక్కన గోడకి ఆనుకుని ఉన్నాడు.

"తగ్గలేదట కేకూ" అన్నాడు, ఆమె నోరు తెరిచేలోపే. "పెరగలేదు గాని, తగ్గలేదట. నీదేమైంది?"

"నాదీ అంతే" అంది కేకు.

అనాలని అన్న మాట కాదది. పరీక్ష తప్పిన స్నేహితురాలి ముందు, మనకి వచ్చిన మార్కులు చెప్పడానికి మొహం చెల్లక, నాకూ సరిగ్గా రాలేదే అంటాం చూడండి, అలా నోరు జారింది. ఆ క్షణంలో అది అబద్ధంలా అనిపించలేదు, మర్యాదలా అనిపించింది. వాడు ఊపిరి వదిలి, "పోన్లే, ఒక్కణ్ణే కాదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె నోటికి తాళం పడింది. ఇప్పుడు నిజం చెప్తే వాణ్ణి ఒంటరిగా వదిలేసినట్టే కదా.

ఇంట్లో అమ్మ వీధి వీధంతా స్వీట్లు పంచింది. కేకు ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. రాను రాను రుచి తెలిసింది, ఆకలి పుట్టింది. ఆకలేసినప్పుడల్లా ఏదో దొంగతనం చేసినట్టుండేది. పడుకుంటే నిద్ర పట్టేది, దానికీ సిగ్గుపడేది. తను ఏం చేసిందని బతికి బయటపడింది, వాడేం చేశాడని ఇరుక్కున్నాడు? దీనికి ఏ డాక్టరూ జవాబు చెప్పడు.

అందుకని ప్లాస్టరు వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. పనుందని సిస్టర్లని బతిమాలి పొద్దున్నే ఎక్కించేసుకున్నానని చెప్పి, పక్క కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చునేది. పెద్ద సిస్టర్ మొదటిసారే వరండాలో నిలదీసింది.

"నీ ఫైలు మూసేశాం కదమ్మా. ఇక్కడేం పని?"

"తోడుగా ఉంటాను సిస్టర్. అతనికి మాత్రం చెప్పకండి."

"నాకు అబద్ధాలు చెప్పడం రాదు. అడక్కపోతే నిజం చెప్పాల్సిన పనీ లేదు. కుర్చీకి మనిషొస్తే మాత్రం లేవాలి" అని వెళ్ళిపోయింది.

అన్నిటికన్నా ఎక్కువగా ఆమెని తినేసింది కత్తెర వాళ్ళ అక్క. చెప్పుల షాపులో పొద్దస్తమానం నిలబడి పనిచేసే మనిషి, తమ్ముడికోసం మెత్తగా ఉడికించి వడగట్టిన సూపు చేసి తెస్తూ, కేకుకీ ఒక డబ్బా తెచ్చేది. వద్దంటే ఊరుకునేది కాదు. జబ్బుమనిషికని కాచిన సూపు జబ్బులేని మనిషి తాగుతోంది. పైగా అక్క పక్కనే కూర్చుని, డబ్బా ఖాళీ అయ్యేదాకా తృప్తిగా చూసేది.

ఇవాళ ఆ అక్క లిఫ్టు దగ్గరే కాచుకుని ఉంది.

"నువ్వొస్తావనే నిలబడ్డా. వాడితో నువ్వు మాట్లాడాలమ్మా."

"ఏమైందక్కా?"

"డాక్టరు ఇంకో మందు కూడా కలిపి ఎక్కిద్దాం, గట్టిగా ప్రయత్నిద్దాం అన్నాడు. వీడు వద్దంటున్నాడు. ఇవాళ సూదే పెట్టించుకోడట. డాక్టరు రాగానే మొహం మీద చెప్పేసి ఇంటికొచ్చేస్తాడట."

"ఎందుకట?"

"నిన్ను చూసే" అంది అక్క. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. "'తనదీ నాదీ ఒకటే మందు. నాకన్నా గట్టి మనిషి, చెప్పినవన్నీ చెప్పినట్టు చేసింది. తనకే తగ్గకపోతే నాకేం తగ్గుతుందక్కా' అంటాడు. నేనేం చెప్పను? నీ మాటంటే వాడికి గురి. నువ్వు మానలేదు కదా, వస్తూనే ఉన్నావు కదా. ఆ మాటే చెప్పు." చేతిలో డబ్బా పెట్టింది. "ముందిది తాగు. ఎలా ఎండిపోయావో చూసుకున్నావా?"

నిజానికి కేకు ఎండిపోలేదు, కాస్త ఒళ్ళు కూడా చేసింది. తోడుగా ఉంటుందనుకుని ఆడిన అబద్ధం వెళ్ళి వెళ్ళి వాడి ప్రాణం మీద కూర్చుంది. వాణ్ణి ఒంటరిగా వదలకూడదనుకుంది. తీరా తనే చెయ్యి పట్టుకుని గోతి దాకా నడిపించుకొచ్చింది.

లిఫ్టులో నాలుగు అంతస్తులు ఎక్కేలోపు ఆమె బుర్రలో ఒక ఉపాయం తయారైంది. ఇవాళే నా రిపోర్టు వచ్చింది, తగ్గిందట అని చెప్పేస్తే సరి. ఎవరికీ నష్టం లేదు. వాడికి ధైర్యం వస్తుంది, తన దొంగతనం బయటపడదు, అక్క మొహం చూడగలుగుతుంది. అబద్ధంలోంచి బయటపడటానికి దారి ఇంకో అబద్ధమే అనిపించే స్థితికి వచ్చింది, గాజు పగలగొట్టి ఒప్పుకున్న పిల్ల.

కత్తెర తన కుర్చీలో కాళ్ళు చాపుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. స్టాండు ఖాళీగా ఉంది. ఆమెని చూసి పక్క కుర్చీ మీద చేత్తో తట్టాడు. కూర్చోగానే అలవాటుగా ఆమె జుట్టు వైపు చూశాడు.

"కుదుళ్ళ దగ్గర కొత్త జుట్టు దట్టంగా వస్తోందే. ఏం రాస్తున్నావు?"

"అమ్మ ఏదో నూనె కాస్తోంది."

"ఆ నూనెతో వ్యాపారం పెట్టమను. నేను సెలూన్ మూసేసి మీ దగ్గర చేరతా." తర్వాత గొంతు తగ్గించాడు. "అక్క చెప్పిందా?"

"చెప్పింది. నేను నీకొకటి చెప్పాలి. ఇవాళే నా రిపోర్టు వచ్చింది. తగ్గిందట. మొత్తం పోయిందట."

వాడి మొహమంతా నవ్వు పరుచుకుంది, దాని వెనకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి నిలబడి, గది అవతల ఉన్న అక్కకి వినబడేలా, "అక్కా, కేకుకి తగ్గిపోయిందట" అన్నాడు. ఇన్ని నెలల్లో అంత సంతోషం వాడి మొహంలో ఆమె ఎప్పుడూ చూడలేదు. కొత్త బట్టలేసుకున్న పిల్లాడిలా ఉన్నాడు. అది చూసేసరికి ఆమె మనసు చివుక్కుమంది.

వాడు మళ్ళీ కూర్చుని, కుర్చీ అంచుకి జరిగాడు. "అయితే ఆ స్కాన్ తర్వాత ఎక్కించినవే పనిచేశాయన్నమాట. అంతకుముందు నీకూ నాలాగే తగ్గలేదు కదా. ఆ తర్వాత నీకు ఎన్నిసార్లు ఎక్కించారు? నాతో సమానంగానేనా? అంటే నాది ఆలస్యంగా పనిచేసే రకం అయ్యుంటుంది. ఇంకో మూడు నాలుగు సార్లు ఓపిక పడితే నాకూ..." వేళ్ళ మీద ఏదో వేసుకుంటున్నాడు. ఆమెకి ఎక్కించని మందుల్ని పొల్లుపోకుండా లెక్కేస్తున్నాడు.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. వాడు సూదికి చెయ్యి చాపుతాడు. కానీ చాపబోయే ఆ చెయ్యి ఆమె కళ్ళ ముందే ఉంది. నరాలు నల్లబడి, ముంజేతి నుంచి మోచేతి దాకా పొడల పొడలుగా కమిలిపోయి ఉంది. దాని పక్కన తన చెయ్యి నున్నగా, నిండుగా, పైన ఒక నాటకాల ప్లాస్టరుతో ఉంది. మూడు నాలుగు సార్లయ్యాక కూడా తగ్గకపోతే? కేకుకి తగ్గిందిగా, నాకెందుకు తగ్గలేదని అప్పుడు ఎవరిని అడుగుతాడు?

సరిగ్గా అప్పుడే పెద్ద సిస్టర్ ఒక కొత్త పేషెంటుని వెంటబెట్టుకొచ్చింది. కాలేజీ పిల్ల. కడుపు పట్టుకుని, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సిస్టర్ కేకు వైపు చూస్తూ నిలబడింది.

కేకు లేచి ప్లాస్టరు పట్టుకుని లాగేసింది. దూది కింద పడింది. ఆ పిల్లని కూర్చోమని చెప్పి, వాడి వైపు తిరిగి, చెయ్యి చూపించింది.

"నాకేమీ ఎక్కించలేదు. ఆ స్కాన్ తర్వాత ఒక్కసారి కూడా ఎక్కించలేదు. ఆ రోజే నాకు పోయింది. నువ్వు కుళాయి దగ్గర అడిగినప్పటికే పోయింది."

వాడు ఆ చేతి వైపు చూశాడు. "మరి ఇన్నిసార్లు...?"

"ఊరికే వచ్చాను. నువ్వు ఒక్కడివే అయిపోతావని."

"ప్లాస్టరు వేసుకుని."

"ఆ."

"అక్క తెచ్చిన సూపు తాగి."

అక్క తన వెనకే వచ్చి నిలబడిందని కేకుకి తెలుస్తోంది, తిరిగి చూసే ధైర్యం లేదు.

"నాకు తగ్గింది కాబట్టి నీకూ తగ్గుతుందని చెప్పట్లేదు" అంది చివరికి. "అది నాకు తెలీదు, డాక్టరుకీ తెలీదేమో. కానీ మానెయ్యాలన్నా మానకూడదన్నా నన్ను చూసి మాత్రం అనుకోకు. నేను చూపించిందంతా అబద్ధం."

వాడు ఆమె జుట్టు వైపే చూస్తున్నాడు.

"నా పని జుట్టు కేకూ. నెల కిందటే నాకు తెలిసింది, మందు పడుతున్న మనిషి జుట్టు కాదిదని. నువ్వు చెప్పావు కదా అని నా కళ్ళని నేను నమ్మలేదు." చూపు ఆమె మొహం మీదికి దించాడు. "నీకు తగ్గిందంటే నేను ఏడుస్తాననుకున్నావా?"

"నాకు తెలీదు. చెప్పలేకపోయాను."

"ఆ రోజు నువ్వు చెప్పుంటే సంతోషించేవాణ్ణి. ఆ రోజు నాకు సంతోషించడానికి ఇంకేమీ లేదు. అది కూడా నువ్వే దాచేసుకున్నావు."

చెప్పులేసుకుని, సూది పెట్టించుకోకుండానే వెళ్ళిపోయాడు. అక్క వాడి వెనక పరిగెత్తబోతూ ఒక్క క్షణం ఆగింది. తిడుతుందేమో అనుకుంది కేకు, తిడితే బాగుండుననుకుంది. అక్క ఆమె చేతిలో ఇంకా మూత తీయని డబ్బా వైపు చూసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి వారమంతా కేకు ఏ పనీ సరిగ్గా చెయ్యలేదు. పుట్టినరోజు కేకు మీద ఎవరి పేరో తప్పు రాస్తే మాస్టరు మొత్తం క్రీము గీకించాడు. ఫోన్ చేస్తే కత్తెర ఎత్తలేదు. సెలూన్ ముందు నుంచి వెళ్ళి చూస్తే షట్టరు దించి ఉంది. నిజం చెప్తే మనసు తేలికపడుతుందంటారు. అలా అనేవాళ్ళు ఎప్పుడూ ఆలస్యంగా చెప్పి ఉండరు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పేసింది. అమ్మ, "నీకు తగ్గడం తప్పు కాదే. దాన్ని తప్పులా దాచావు చూడు, అదీ తప్పు" అని వంటింట్లోకి వెళ్ళింది.

పెద్ద సిస్టర్‌కి ఫోన్ చేస్తే, ఆ రోజు మందు తప్పినవాళ్ళకి వారం తిరిగాక అదే రోజు ఎక్కిస్తామని, వస్తాడో రాడో తనకి తెలీదని చెప్పింది. ఆ రోజు కేకు ఆ సూపు డబ్బాని శుభ్రంగా కడిగి తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళింది. ప్లాస్టరు వేసుకోలేదు. వాడి కుర్చీ ఖాళీగా ఉంది. పక్క కుర్చీ కూడా ఖాళీగానే ఉంటే, కాళ్ళు లాగుతున్నాయో, అలవాటో, దాన్లో కూలబడింది. గోడ గడియారం చూడకూడదని నేల చూస్తూ కూర్చుంది. రాకపోతే, ఆ తప్పు బతికున్నంతకాలం తనదే.

నేల మీద రెండు చెప్పులు వచ్చి ఆగాయి.

"లే" అన్నాడు కత్తెర. "ఇది పేషెంట్ల కుర్చీ. తోడొచ్చినవాళ్ళకి స్టూళ్ళున్నాయి."

ఆమె లేచింది. వాడు తన కుర్చీలో కూర్చుని, పెద్ద సిస్టర్‌కి చెయ్యి చాపాడు. సిస్టర్ నరం కోసం వెతుకుతూ, మొదటి మందు సీసాతో పాటు కొత్త సీసా కూడా స్టాండుకి తగిలించింది. కేకు మూల నుంచి స్టూలు తెచ్చుకుని కూర్చుంది. కడిగిన డబ్బా ఇస్తే, వాడి వెనకే వచ్చిన అక్క తీసుకుంది గాని, లోపల చూడలేదు. ఇవాళ అక్క సంచిలో తమ్ముడి డబ్బా ఒక్కటే ఉంది.

మందు సగం ఎక్కింది. కత్తెరకి దాహమేసినట్టుంది, బల్ల మీద నీళ్ళ సీసా వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"నీకిప్పుడు కరెంటు కొట్టదుగా" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "అది చల్లగా ఉందేమో ముట్టుకుని చెప్పు."

ఆమె సీసా చుట్టూ వేళ్ళు వేసి పట్టుకుంది. "చల్లగానే ఉంది. తాగకు."

వాడు సీసా ఆమె చేతిలోంచి తీసుకోకుండానే, "అక్కా, నువ్వు కూడా ఓసారి చూడు" అన్నాడు.

అక్క వచ్చి సీసా మీద చెయ్యి పెట్టి చూసింది. "చల్లగానే ఉందిరా" అంది.

"అయితే వేడి చేసి తీసుకురా" అన్నాడు కేకుతో.

సీసా పట్టుకుని ఆమె వంటగది ఎటో అడగడానికి వెళ్ళింది.